ఆదివారం బీపీ: పర్లాకిమిడిలో ఒక క్యాషియరు కేసు

పదిహేను రోజులు రెస్టు రాసిచ్చిన పేషెంటు, ఆ పదిహేను రోజులూ ఇంట్లోనే ఉండి, అదే బీపీతో తిరిగి వచ్చారు. ఈ కేసు రాయాలనిపించింది అందుకే. అప్పటిదాకా నేను చేసిన వైద్యమంతా "ఉద్యోగం టెన్షన్" అన్న ఒక్క మాట మీద నడిచింది. ఆ మాట నేను ఆవిడని అడిగి తెలుసుకున్నది కాదు. నాకు నేనే అనుకున్నది.

రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి రెండు నెలలు

వయసు 42. ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బ్యాంకు క్యాషియరు. భర్త విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగి, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్ళిపోతారు. కూతురు పదో తరగతి, కొడుకు ఆరో తరగతి. అత్తగారికి రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. షుగరు కూడా ఉంది, పూటకి ఒకసారి ఇన్సులిన్ చెయ్యాలి. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు, అంతే.

జులైలో మొదటిసారి వచ్చినప్పుడు కూర్చుంటూనే బ్యాగులోంచి మూడు స్ట్రిప్పులు తీసి టేబుల్ మీద పెట్టారు. "మెడ వెనకాల నుంచి తలంతా పట్టేస్తోందండీ. సాయంత్రమయ్యేసరికి గుండె దడ. గ్యాస్ అనుకుంటున్నాను" అన్నారు. బీపీ 158/96. రెండోసారి చూస్తే 154/94. నాడి 92. బరువు 68 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. ఏడాదిగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నారు. రెండో స్ట్రిప్పు గ్యాస్ మాత్ర. మూడోది తలనొప్పికని మెడికల్ షాపులో కొనుక్కున్న మాత్ర, ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది. ఆ మూడోదాన్ని చూశాను. వారానికి ఎన్ని వేసుకుంటున్నారని అడగలేదు. ఓపీలో ఇంకా ముప్పై మంది ఉన్నారన్నది కారణమే కానీ, సాకుగా చెప్పుకోను.

ఇంకో బీపీ మందు, ఎమ్లోడిపిన్ 5 కలిపాను. నెల తర్వాత 152/94, పైగా చీలమండలు వాచాయి. ఆ మందుకి అది మామూలే. రక్తపరీక్షలు చేయించాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, పొటాషియం, థైరాయిడ్ బాగున్నాయి. హిమోగ్లోబిన్ 10.2, తక్కువే. మూడు నెలల షుగరు సగటు 6.1, అంటే గట్టు మీద ఉన్నట్టు. ఈసీజీలో తేడా లేదు, మూత్రంలో ఆల్బుమిన్ లేదు. క్లోర్‌థాలిడోన్ 12.5, అదే మనవాళ్ళు "నీటి మాత్ర" అనేది, పొద్దున పూట వేసుకోమని రాసి, దాంతోపాటు పదిహేను రోజుల సెలవుకి సర్టిఫికెట్ ఇచ్చాను.

సెప్టెంబరులో వచ్చారు. 156/98.

కాగితం మీద చూస్తే మూడు మందులు, అందులో ఒకటి నీటి మాత్ర, అయినా బీపీ దిగలేదు. దీన్ని మొండి బీపీ అనొచ్చు. ఆ ముద్ర వేసే ముందు అడగాల్సినవి కొన్ని ఉంటాయి: బీపీ సరిగ్గా చూస్తున్నామా, మాత్రలు నిజంగా లోపలికి వెళ్తున్నాయా, బీపీ పెంచే ఇంకో మందేదైనా వాడుతున్నారా. నాలుగో మందు రాయబోతూ పెన్ను పక్కన పెట్టి, స్ట్రిప్పులన్నీ తీసి లెక్కపెట్టాను. ముప్పై నీటి మాత్రల్లో పదమూడు మిగిలి ఉన్నాయి.

క్యాష్ కేబిన్

"సెలవుల్లో రోజూ వేసుకున్నానండీ. డ్యూటీ రోజుల్లో మానేశాను" అన్నారు. ఎందుకంటే చెప్పడానికి కాస్త మొహమాటపడ్డారు.

కౌంటర్లో డబ్బు తెరిచి ఉండగా క్యాషియరు కేబిన్ వదిలి వెళ్ళాలంటే నోట్లన్నీ లోపల పెట్టి, డ్రాయరుకి తాళం వేసి, కేబిన్ తలుపుకి తాళం వేసి, లైన్లో నిలబడ్డవాళ్ళ మాటలు పడి వెళ్ళాలి. బాత్రూమ్ వెనక వరండా చివర. పొద్దున నీటి మాత్ర వేసుకుంటే పన్నెండు లోపల మూడుసార్లు లేవాలి. అందుకని మాత్ర మానేశారు. దాంతోపాటు తొమ్మిదిన్నర నుంచి లంచ్ దాకా నీళ్ళు తాగడం కూడా మానేశారు. తలనొప్పికి అదీ ఒక కారణం. మండుటెండల్లో ఫ్యాన్ కింద నాలుగు గంటలు గుక్కెడు నీళ్ళు లేకుండా కూర్చుంటే ఎవరికైనా తల పట్టేస్తుంది. క్యాషియరుకి పొద్దున పూట నీటి మాత్ర రాసింది నేనే. ఆ మాత్ర ఆవిడ చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ ఎక్కడ కూర్చుంటారో ఊహించుకోలేదు.

తలనొప్పి మాత్రలు వారానికి నాలుగైదు. ఈ జాతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్‌నీ నీటి మాత్రనీ పనిచెయ్యనివ్వవు. మూడూ కలిసి కిడ్నీ మీద పడితే ప్రమాదం కూడా. తరచుగా వాడితే ఆ మాత్రే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. మన వైపు మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా చాక్లెట్టులా ఇస్తారు కాబట్టి, "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే ఇది ఎవరికీ గుర్తుకు రాదు.

ఇంతవరకు మందుల లెక్క. కానీ సెలవుల్లో నీటి మాత్ర రోజూ వేసుకున్నారు, బ్యాంకుకి వెళ్ళలేదు, అయినా బీపీ తగ్గలేదు. ఆ పదిహేను రోజులూ ఏం చేశారని అడిగాను.

ఆవిడ నవ్వారు. అత్తగారిని చూసుకునే ఆయా రోజుకి రెండు వందలు తీసుకుంటోంది కదా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా అని ఇంట్లోవాళ్ళు ఆయాని మానిపించారట. కోడలు ఇంట్లో ఉందని తెలిసి అత్తగారిని చూడ్డానికి చుట్టాలు వచ్చారు, మెళియాపుట్టి నుంచి ఒక జట్టు, గుణుపురం నుంచి ఒక జట్టు. వాళ్ళకి వంట. ఈలోపు కూతురికి యూనిట్ టెస్టులు. "రెస్టు రాశారు కదండీ, ఇంట్లో అందరూ తీసుకున్నారు" అన్నారు.

నోటుబుక్కు

చెయ్యికి కట్టే ఎలక్ట్రానిక్ మిషను ఒకటి కొనమన్నాను. పది రోజులు, రోజుకి మూడుసార్లు చూసి రాయమన్నాను: ఉదయం, లంచ్ టైము, రాత్రి. బీపీ అంకె పక్కన ఇంకో గడి గీయించాను. "పది నిమిషాల ముందు ఏం చేస్తున్నారు?" ఇది ఏ పుస్తకంలోనూ చూసి పెట్టింది కాదు, నా అలవాటు.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. అదీ చెప్పాను. పది రోజుల తర్వాత నోటుబుక్కు తెచ్చారు. ఉదయం, రాత్రి గళ్ళలో సగానికి పైగా ఒకటే మాట: "కూర్చోలేదు". అడిగితే, "ఐదు నిమిషాలు కూర్చుని చూడమన్నారు కదండీ. ఆ ఐదు నిమిషాలే దొరకలేదు" అన్నారు.

కూర్చోకుండా తీసిన అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ వస్తాయి, వాటిని నమ్మలేం. మళ్ళీ పది రోజులు. ఈసారి కూతురిని కూడా పిలిచి, ఫోనులో ఐదు నిమిషాలు టైమరు పెట్టే పని ఆ పిల్లకి అప్పగించాను. వచ్చిన సగటులివి. డ్యూటీ రోజు ఉదయం ఐదింటికి 146/92. బ్యాంకులో లంచ్ టైముకి 136/86. రాత్రి తొమ్మిదికి 154/96. ఆదివారం మధ్యాహ్నం 162/100.

ఇంట్లో చూసుకునే బీపీ 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. అంటే వారం మొత్తంలో ఆవిడ బీపీ మామూలుకి దగ్గరగా వచ్చేది ఒక్క బ్యాంకులోనే. పది రోజుల్లో ఆదివారాలు రెండే, కాబట్టి ఆ అంకె మీద పెద్ద మేడ కట్టకూడదు. అయినా రెండు ఆదివారాలూ ఒకేలా ఉన్నాయి. పక్క గడిలో రాసినవి: "అత్తమ్మ తలస్నానం." "దుప్పట్లు ఉతికాను." "చికెన్, చేపలు రెండూ." "ఆయనతో గొడవ, ఫీజు గురించి."

ఉద్యోగం మానేస్తే ఆదివారం వారానికి ఏడుసార్లు వస్తుంది. ఇది నేను నోటితో అనలేదు కానీ, నోటుబుక్కు చూస్తుంటే నాకు తోచింది అదే.

ఏది దేనికి అడ్డం

ఇల్లు, ఉద్యోగం ఒకదానితో ఒకటి కొట్టుకోవడం మీద పరిశోధన 1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు రాసిన వ్యాసంతో ఒక దారిలో పడింది. ఈ కొట్లాట మూడు రకాలన్నారు వాళ్ళు. టైము చాలకపోవడం ఒకటి. ఒకచోటి అలసట, చిరాకు రెండో చోటికి మోసుకెళ్ళడం రెండోది. ఒకచోట పనికొచ్చే తీరు ఇంకోచోట పనికిరాకపోవడం మూడోది. కౌంటర్లో ప్రతిదీ రెండుసార్లు సరిచూసే మనిషి ఇంట్లోనూ అలాగే సరిచూస్తుంటే పిల్లలకి ఎలా ఉంటుందో ఈ మూడో రకం చెబుతుంది.

నాకు ఎక్కువ పనికొచ్చింది 1997లో ఫ్రోన్, ఆయన సహచరులు అచ్చువేసిన నాలుగేళ్ళ అధ్యయనం. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులని నాలుగేళ్ళ తేడాతో చూశారు. ఉద్యోగం ఇంటికి అడ్డం వచ్చినవాళ్ళలో తాగుడు పెరగడం కనిపించింది. ఇల్లు ఉద్యోగానికి అడ్డం వచ్చినవాళ్ళలో డిప్రెషను, ఒంట్లో బాగోలేకపోవడం, కొత్తగా బీపీ రావడం కనిపించాయి. అమెరికాలో చేసింది, కొద్దిమంది మీద చేసింది, మనకి అచ్చుగుద్దినట్టు సరిపోతుందని అనను. కానీ ఏ వైపు నుంచి ఏ వైపుకి అడ్డం అన్నది అడగాలని అది నేర్పింది. నా దగ్గరికి వచ్చే మెడికల్ రెప్పులు, ఫైనాన్స్ కలెక్షన్ కుర్రాళ్ళ లివరు రిపోర్టులు చూసినప్పుడు మొదటి సగం గుర్తొస్తుంది. ఈవిడ విషయంలో రెండో సగం.

ఎందుకంటే దడ ఎప్పుడు మొదలైందో అడిగితే ఒక తేదీ చెప్పారు. ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం 2024 సెప్టెంబరులో మొదలుపెట్టింది, ఆడవాళ్ళ ఖాతాలో ఏడాదికి పదివేలు, రెండు విడతల్లో. ఆ తర్వాతి మార్చిలో డబ్బులు పడిన వారం బ్యాంకు గుమ్మం దాకా లైను. అయిదువందల నోట్ల కట్ట విప్పి లెక్కపెడుతుండగా ఇంటి నుంచి ఫోను, అత్తగారు మంచం మీంచి జారిపోయారని. ఒక చెవిన ఫోను, చేతిలో నోట్లు. సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు, ఐదువేలు తక్కువ. క్యాషియరు దగ్గర తక్కువ వస్తే క్యాషియరే కట్టాలి. కట్టారు. ఇంట్లో చెప్పలేదు.

అప్పటినుంచి మిషను లెక్కపెట్టిన కట్టని మళ్ళీ చేత్తో లెక్కపెడతారు. ఆ పని నాకు చూపించారు, నా టేబుల్ మీదున్న ప్రిస్క్రిప్షన్ కాగితాల బొత్తితో. ఎడమచేతి మధ్యవేళ్ళ సందున బిగించి, కుడి బొటనవేలితో ఒక్కొక్కటీ లాగుతూ, పెదవులు కదలకుండా. మధ్యలో బయట ఎవరిదో ఫోను మోగింది. వేలు ఆగిపోయింది. "చూశారా" అన్నారు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

ఇలా రెండుసార్లు లెక్కపెట్టడం వల్ల క్లోజింగ్ ఆలస్యం, ఇంటికి ఆలస్యం, అత్తగారి రాత్రి ఇన్సులిన్ ఆలస్యం, ఆవిడ ముఖం మాడ్చుకోవడం. పడుకునేసరికి పదకొండు, మూడింటికి మెలకువ. నిద్రలో బీపీ పగటికంటే పది నుంచి ఇరవై శాతం దిగాలి. నిద్ర చాలని మనిషికి గుండెకీ రక్తనాళాలకీ ఆ విరామం సరిగ్గా దొరకదు. డిప్రెషను ప్రశ్నావళి పీహెచ్‌క్యూ–9లో 27కి 11 వచ్చింది, మధ్యస్థం. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. వాటి గురించి ప్రత్యేకంగా అడిగాను.

పని గంటల సంగతి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్ళకి, 35–40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. ఆ లెక్కలో ఇంటి పని లేదు. ఈవిడ బ్యాంకు 46 గంటలు, ఇంట్లో నోటుబుక్కు ప్రకారం 39. రెండూ కలిపి ఆ ముప్పుని ఈవిడకి అంటగట్టడం సరికాదు. కానీ సర్టిఫికెట్ రాసేటప్పుడు నేను చూసింది 46 మాత్రమే. 2024లో మన దేశంలో జరిగిన టైమ్ యూజ్ సర్వేలో, అంటే జనం రోజులో దేనికి ఎంతసేపు పెడతారో చూసే సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నట్టు తేలింది. ఈ ఇంట్లో ఆ 88 కూడా వారం మొత్తానికి.

దసరాకి ముందు ఒక ఆదివారం

భర్తని, పాతపట్నంలో ఉండే ఆడపడుచుని, కూతుర్ని పిలిచాను. పాతపట్నం మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రాలో, ఆటో దూరం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. మా ఓపీలో సగం ఇళ్ళకి అన్నది ఒక రాష్ట్రం, చెల్లెలిది ఇంకో రాష్ట్రం. అమ్మని తన దగ్గరికి తీసుకెళ్తానని ఆడపడుచు ఇదివరకే అన్నారట. అత్తగారి రేషను, పింఛను పర్లాకిమిడిలో. అవతల ఉచిత వైద్యానికి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, ఆంధ్రా కార్డు ఉన్నవాళ్ళకి. అన్నిటికీ మించి ఆవిడ ఇల్లు కదలనంటారు.

ముగ్గురూ కూర్చున్నాక భర్త మొదట అన్నమాట: "మానెయ్యమని మీరు చెప్పండి డాక్టరుగారూ. మీ మాటయితే వింటుంది."

జులైలో అయితే చెప్పేవాణ్ణేమో. నోటుబుక్కు ఆయన ముందు పెట్టి, లంచ్ టైము గడి, ఆదివారం గడి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఆడపడుచు మాత్రం వెంటనే, "ఆదివారం నేనొస్తే వదినకి ఇంకా పని ఎక్కువని రావడం మానేశాను" అన్నారు. వదిన తలెత్తి చూశారు. ఆవిడ రావడం లేదని ఏడాదిగా వీళ్ళింట్లో కోపంగా ఉంది.

ఐదువేల సంగతి కూడా అక్కడే బయటపడింది. చెప్పింది నేను కాదు, కూతురు. ఆ పిల్లకి ముందే తెలుసు.

తల్లికి స్నానం చేయిస్తానని భర్త అన్నారు. అత్తగారు ఒప్పుకోరని అందరికీ తెలుసు, కొడుకు చేత స్నానం ఆవిడకి చావుతో సమానం. ఇలాంటివి డాక్టరు కాగితం మీద రాస్తే జరిగేవి కావు. చివరికి తేలింది ఇది. బుధవారం, ఆదివారం స్నానం ఆడపడుచు వచ్చి చేయిస్తారు. ఆదివారం మధ్యాహ్నం వంట, బట్టలు భర్తవి. ఆయా మళ్ళీ వస్తుంది, పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా. పది నుంచి నాలుగు మధ్య ఇంట్లో ఏం జరిగినా మొదటి ఫోను ఆడపడుచుకి, రెండోది భర్తకి. బ్యాంకుకి కాదు. ఈ చివరిది పెట్టమన్నది నేనే. మిగతావి వాళ్ళే పెట్టుకున్నారు.

మందులు తగ్గించాను. నీటి మాత్ర తీసేశాను. టెల్మిసార్టాన్, ఎమ్లోడిపిన్ కలిసిన ఒకే మాత్ర, రాత్రి భోజనమయ్యాక. బీపీ మాత్ర పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెకి తేడా లేదని బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా మీద జరిగిన టైమ్ అనే పరిశోధన 2022లో తేల్చింది. కాబట్టి పేషెంటుకి ఎప్పుడు వీలైతే అప్పుడు. టెల్మిసార్టాన్ కలిసి ఉంటే కాళ్ళవాపు కూడా కొంత తగ్గుతుంది. షాపు మాత్ర బంద్. తలనొప్పి తట్టుకోలేకపోతే ఉత్త పారాసెటమాల్, వారానికి రెండుసార్లకి మించకుండా. ఐరన్ మాత్ర. ఎండు చేప, ఊరగాయ తగ్గించమన్నాను, అది ఎంతవరకు జరిగిందో నాకు అనుమానమే. డిప్రెషనుకి అప్పుడే మందు మొదలుపెట్టలేదు, నెల చూద్దామన్నాను. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. అందులో భాష ఎంచుకోవచ్చు, ఒడిశాలో ఉండి తెలుగులో మాట్లాడుకోవాలనుకునేవాళ్ళకి అది పెద్ద సదుపాయం. ఒక రాత్రి పదింటికి మేడ మీదకెళ్ళి మాట్లాడారట. ఏం మాట్లాడారో అడగలేదు.

తర్వాత

నవంబరు చివరికి ఇంటి సగటు 134/84. తలనొప్పి మాత్ర నెలకి రెండు. పీహెచ్‌క్యూ 6. నీళ్ళ సీసా కేబిన్‌లోకి వచ్చింది. పదకొండున్నరకి పక్క కౌంటరు సహోద్యోగి ఐదు నిమిషాలు లైను చూసుకునేలా ఇద్దరూ మాట్లాడుకున్నారు. దీనికి నా ఉత్తరం అవసరం పడలేదు.

డిసెంబరులో మొత్తం తిరగబడింది. ఆయాది గుమ్మా వైపు సవర గిరిజనుల ఊరు, క్రిస్మస్‌కి పది రోజులని వెళ్ళి ఇరవై మూడు రోజులకి వచ్చింది. అదే సమయంలో ఆడపడుచుకి, భర్తకి ఇంటి స్థలం విషయంలో మాటా మాటా పెరిగి బుధవారాలు ఆగిపోయాయి. జనవరి మొదట్లో 148/92. షాపు మాత్ర మళ్ళీ మొదలైంది, ఈసారి అడగకుండానే చెప్పారు. మందు పెంచాలా అని ఆలోచించి, రెండు వారాలు ఆగాను. అంతకుముందు 134 చూపించిన మాత్ర అదే కదా. పాత నేనైతే పెంచేసేవాణ్ణి. సంక్రాంతికి ఆడపడుచు అరిసెలు పట్టుకుని వచ్చారు. స్థలం తగువు తెగలేదు కానీ బుధవారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ నెలాఖరుకి 138/86.

రెండుసార్లు లెక్కపెట్టడం ఇంకా పోలేదు. పెద్ద కట్టలకి మాత్రమే అని ఒప్పుకున్నారు. బరువు ఒక్క కిలో తగ్గింది. భర్తకి ఈ వైపు బదిలీ మాట వినిపిస్తోంది, రెండేళ్ళుగా వినిపిస్తూనే ఉందట.

ఫిబ్రవరి చివర్లో వచ్చినప్పుడు నోటుబుక్కు కొత్తది. కూతురికి పరీక్షలు కాబట్టి టైమరు ఇప్పుడు కొడుకు పెడుతున్నాడు, కొన్నిచోట్ల అంకెలు వాడి చేతిరాతలో ఉన్నాయి. చివరి ఆదివారం మధ్యాహ్నం 136/84. పక్క గడిలో ఇలా ఉంది: "అమ్మ కూర్చుంది. నాన్న పప్పు మాడ్చేశారు."

మార్చిలో సంవత్సరాంతం క్లోజింగ్. ఏప్రిల్ మొదటి వారంలో రమ్మన్నాను, క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి. ఈస్టర్‌కి ఆయా ఎన్ని రోజులు వెళ్తుందో ముందే అడిగి పెట్టుకోమని చీటీ కింద రాశాను.